తీర్థం ఇవ్వని కూజమ్మ తల్లి

అంకుళ్లవలసలో గెడ్డకు, అంటే కొండవాగుకు, కొండవైపు ఒడ్డున బస్సు దిగిన భక్తులు చిన్న వంతెన మీదుగా ఊరివైపు దాటి, ఎడమవైపు ఎర్రమట్టి బాట పట్టి నడిస్తే కూజమ్మ తల్లి గుడి కనిపిస్తుంది. గుడికి గోపురం లేదు. పెంకుల కప్పు, రాతి స్తంభాలు, చుట్టూ అంకుడు చెట్లు. వంతెనకు పిట్టగోడ ఎత్తు చాలదు కనుక పిల్లలతో వచ్చేవారు వారి చేయి పట్టుకుని దాటించాలి. వానాకాలంలో కాళ్లు కడుక్కోవడానికి గెడ్డలోకి దిగవద్దు. గుడి వెనుక కుళాయి ఉంది.

గర్భగుడిలో విగ్రహం ఉండదు. పీట మీద ఒక కర్ర కూజా ఉంటుంది. సన్నని మెడ, పువ్వులా విచ్చుకున్న అంచు, నిండైన పొట్ట, వాటిపై ఎరుపు, పసుపు లక్క చారలు. దివిటీ వెలుగులో అది అద్దంలా మెరుస్తుంది. పొట్టకు కుడివైపున చింతగింజంత చిల్లు ఒకటి కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవారు కూజా పాతబడి పురుగు పట్టిందనుకుంటారు. కానీ ఈ కూజాను ఏటా జాతర ముందు కొత్తగా తరిమెన పట్టి చేస్తారు. ఆ చిల్లు కూడా ఏటా కొత్తగా పడేదే.

ఈ గుడిలో తీర్థం ఇవ్వరు. కూజాలో ఎన్నడూ నీళ్లు పోయరు. తరిమెన మీద కర్రను చెక్కేటప్పుడు ఉలి కింద నుంచి తెల్లగా, పొడవుగా చుట్టలు చుట్టుకుంటూ లేచే పొరలనే ప్రసాదంగా ఇస్తారు. వాటిని పిల్లల మణికట్టుకు కడతారు. అర్చకత్వం ఊరివారిది కాదు. ఎగువన కొండ మీది గుమ్మిగూడెం నుంచి వచ్చినవారే తరతరాలుగా ఇక్కడ పూజ చేస్తున్నారు. ఇవన్నీ ఎందుకు ఇలా ఉన్నాయో తెలియాలంటే దాలమ్మ కథ తెలియాలి.

పూర్వం ఇక్కడ ఊరంతా తరిమెన పట్టేవారే ఉండేవారు. తరిమెన అంటే కర్రను గిరగిరా తిప్పే సాధనం. ఇప్పుడు కరెంటు మోటారు తిప్పుతోంది కానీ అప్పట్లో ఆ పని ఇద్దరు మనుషులది. ఒకరు ఇరుసుకు చుట్టిన తాడును కుడిచేత్తో ఒకసారి, ఎడమచేత్తో ఒకసారి లాగుతూ కర్రను తిప్పుతారు. రెండవవారు ఎదురుగా కూర్చుని ఉలి పట్టి చెక్కుతారు. సాధారణంగా ఉలి భర్తది, తాడు భార్యది. కూజా వంటి వస్తువుకు పైభాగం చెక్కడం తేలిక. లోపల తొలవడమే కష్టం. ఉలి ఎంత లోతుకు పోయిందో, గోడ ఎంత మందం మిగిలిందో పట్టినవాడి కంటికి కనబడదు. కర్ర గొంతే చెప్పాలి. గోడ మందంగా ఉన్నంతసేపు ఆ గొంతు బొంగురుగా ఉంటుంది. పలచబడేకొద్దీ సన్నగా మారుతుంది. ఉలి పట్టినవాడు ఉలి రొదలో ఉంటాడు కనుక ఆ మార్పును కనిపెట్టవలసింది తాడు లాగే మనిషే. గొంతు మారిన క్షణాన తాడు ఆపాలి. అది వారి కట్టుబాటు.

ఊరిలో దాలమ్మ చెవికి మంచి పేరుండేది. ఆమె భర్త సూరయ్య చేతిపని ఎంత బాగున్నా, పనికి పురమాయించేవారు ముందు దాలమ్మ ఊరిలో ఉందా అని అడిగేవారు. ఆమె తాడు లాగిన కూజా ఒక్కటీ చిల్లు పడలేదు.

కడుపు విషయంలో మాత్రం ఆమె అంత అదృష్టవంతురాలు కాదు. మొదటి కొడుకు ఈరన్న మాటలు వచ్చిన ఏడే పోయాడు. తరువాతి పిల్ల పేరు పెట్టకముందే పోయింది. ఈ ఊరిలో చనిపోయిన చిన్నపిల్లలను గెడ్డ ఒడ్డున దిబ్బ మీద పాతిపెట్టి, ఆ చోట ఒక అంకుడు మొక్క నాటేవారు. అంకుడు కర్రతోనే బతికే ఊరైనా ఆ దిబ్బ మీది చెట్లకు ఎవరూ కత్తి తగిలించేవారు కాదు. పేరు పెట్టిన ప్రతి బిడ్డ చెట్టుకూ ఆ పేరే ఉండేది. మూడో కాన్పులో ఆడపిల్ల పుట్టగానే దాలమ్మ అత్తగారు పిల్లను పెంటకుప్ప మీద పొర్లించి, ఎవరికీ అక్కరలేని పిల్ల అని దేవతలకు వినబడేలా చెప్పి, పెంటమ్మ అని పేరు పెట్టింది.

పెంటమ్మ బతికింది. బతికిందన్న ధైర్యం దాలమ్మకు ఒక్క పూటా కలగలేదు. తాడు లాగుతూనే పిల్ల ఏ మూల ఆడుతోందో, ఏం తింటోందో, చలిగాలికి చెవులు కప్పుకుందో లేదో చూస్తూ ఉండేది. పొరుగింటి పోలమ్మ నవ్వేది.

"నీ పిల్ల తుమ్మితే నువ్వు మంచం ఎక్కేలాగున్నావు ఒదినా. నా లచ్చన్నను సూడు, మట్టి తిని మానులాగ ఎదుగుతున్నాడు."

"నీకేటమ్మా, నువ్వు దిబ్బ మీద మొక్క నాటలేదు" అనేది దాలమ్మ.

ఒక వేసవి మొదట్లో దిగువ ఊళ్లలో అమ్మవారు పోసిందని కబురు వచ్చింది. పెద్ద మశూచినే ఆనాటివారు అమ్మవారు పోయడం అనేవారు. దాలమ్మ ఇంక ఎవరినీ అడగలేదు. అంకుడు దుంగలు అమ్ముకోవడానికి కొండ దిగి వచ్చే గుమ్మిగూడెం మనిషి సోమిలమ్మ చేతిలో పిల్లను పెట్టింది. గోరువెచ్చని నీళ్లే పోయమంది. గెడ్డ దగ్గరికి పోనివ్వవద్దంది. రాత్రి కాళ్లు కప్పమంది, పుట్టగొడుగులు పెట్టవద్దంది, ఏడిస్తే తన మీద బెంగ అనుకోకుండా ముందు కడుపు నొక్కి చూడమంది.

సోమిలమ్మ పిల్లను భుజాన ఎత్తుకుని అంది: "నీ పిల్లను మోయగలను గానీ దాలమ్మా, నీ మాటలు మోయాలంటే ఇంకో కావిడి గావాల."

అప్పటి నుంచి దాలమ్మ పెంపకమంతా దూరం నుంచే జరిగింది. కొండకూ ఊరికీ నడిమిన ఒక బల్లపరుపు రాయి ఉంది. సంత రోజున ఆమె ఆ రాయి మీద ఒక లక్కపిడత, మూటలో బెల్లం, మూట కట్టిన ముడికి వేపాకు పెట్టి వచ్చేది. వేటినైనా ముందు వేపపొగకు చూపనిదే కొండకు పంపేది కాదు. సోమిలమ్మ అక్కడ ఒక మొలతాడు ఉంచి పోయేది. అది పిల్ల నడుము కొలత. దాలమ్మ ఇంటికి వచ్చి దాన్ని పాత కొలత పక్కన పెట్టి చూసుకునేది. కొంచెం పెరిగితే అన్నం తినేది. పెరగకపోతే సూరయ్య తినమన్నా తినేది కాదు.

"ఊరందరి పిల్లలూ ఊళ్లోనే ఉన్నారు. నీదే గాజు పిల్లా?" అని పోలమ్మ ఎత్తిపొడిచింది.

నడివేసవికి అమ్మవారు అంకుళ్లవలసకు వచ్చింది. మొదట చాకలిపేటలో, తరువాత నడివీధిలో. చచ్చినవారిని కాల్చడానికి కట్టెలు చాలక, తరిమెన పనికి ఏళ్ల తరబడి ఆరబెట్టుకున్న దుంగలను తీసి చితులు పేర్చారు. నున్నగా కూజాలు, కుంకుమ భరిణెలు కావలసిన కర్ర అలా బూడిదైపోయింది. ఊరిపెద్ద గవరయ్య జనాన్ని పిలిచి, అమ్మవారిని సాగనంపాలన్నాడు.

ఈ ఊరి సాగనంపుడు వేరుగా ఉండేది. లక్కపూసిన కర్ర కూజాలో పసుపునీళ్లు నింపి, అమ్మవారిని అందులోకి ఆవాహన చేసి, ఆ కూజా చేసిన ఇంటి ఇల్లాలు దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగి పొలిమేర దాటించి పారబోసి రావాలి. దారిలో ఒక్క చుక్క నేల మీద పడినా అమ్మవారు ఆ చుక్క పడిన చోటే కూర్చుండిపోతుందని నమ్మకం. అందుకే కూజా చేసే ఇంటిని ఎంచి ఎంచి నిర్ణయించేవారు. ఆ ఏడు గవరయ్య సూరయ్య ఇంటికి వచ్చాడు.

"కర్ర లేదు బాబూ" అన్నాడు సూరయ్య. "పచ్చిది పడితే లక్క వేడికే పగులుతాది."

గవరయ్య తలవంచుకుని కూర్చున్నాడు. "ఎండు కర్ర ఒక్కటుంది" అన్నాడు. "దిబ్బ మీద. నీ పెద్దోడి చెట్టు నిరుటి ఎండలకు నిలువునా ఎండిపోయింది కదా."

సూరయ్య భార్య వంక చూశాడు. దాలమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఈరన్న చెట్టు ఎండిన రోజున ఆమె వాడు రెండోసారి పోయినట్టు ఏడ్చింది. అయినా కొండ మీద ఉన్నదాన్ని తలచుకుని, "కొట్టండి" అంది. "నా బిడ్డ పోతే పోయాడు, ఇంకెవరి బిడ్డా పోకుండా ఉంటే చాలు."

"ఈసారి ఎటేపు పంపుతారు?" అని సూరయ్య అడిగాడు. ఎప్పుడూ దిగువకే, సముద్రం వైపే సాగనంపేవారు.

"దిగువోళ్లు పొలిమేరలో కర్రలు పట్టుకుని కాపలా ఉన్నారు. మీ తల్లిని మా మీదికి తోలితే తలలు పగులుతాయన్నారు. ఎగువకే పంపాల. కొండేపు."

దాలమ్మకు మొదట ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడ వదిలి ముందుకు వచ్చింది.

"కొండ మీద నా పిల్లుంది బాబూ."

"తెచ్చుకో."

"ఈ ఊళ్లోకా?"

"మరేటి సేద్దామంటావు? నీ ఒక్క పిల్ల కోసం ఊరందర్నీ కాల్చుకుందామా? కొండోళ్లు మందు మొక్కలు తెలిసినోళ్లు. ఆళ్లకేటవదులే."

కొండవారికి అడిగే నోరు లేదని, కర్రలు పట్టుకుని పొలిమేరలో నిలబడేంత మంది లేరని ఆయనకు తెలుసు. దాలమ్మకూ తెలుసు. తాను క్షేమమనుకుని పిల్లను దాచిన చోటికే ఊరు అమ్మవారిని తోలుతోంది. ఆ దారి ఎవరూ తొక్కని దారి అనే కదా ఆమె అటు పంపింది. ఎవరూ తొక్కని దారి కనుకనే ఊరు కూడా దాన్ని ఎంచుకుంది.

ఈరన్న చెట్టును కొట్టి తెచ్చారు. మానుకు పగులు లేదు, పుచ్చు లేదు. సూరయ్య దాన్ని తరిమెనకు ఎక్కించి పైచెక్కుడు మొదలుపెట్టాడు. ఉలి తగలగానే తెల్లని పొర ఒకటి చుట్టలు చుట్టుకుంటూ లేచి దాలమ్మ మోకాలి మీద పడింది. ఆమె దాన్ని తీసి కొంగున కట్టుకుంది. తరువాత వేపపొగ మీద, పసుపు పొగ మీద చాలాసేపు పట్టి, ఆకులో చుట్టి, వెళ్లి బల్లపరుపు రాయి మీద పెట్టింది. రాయి దగ్గరికి వచ్చిన సోమిలమ్మతో దూరం నుంచే కేకవేసి చెప్పింది.

"అన్న చెట్టుదని సెప్పి సేతికి కట్టు సోమిలమ్మా. బిగించకు. వేలు దూరేలాగుండాల."

మెడ, అంచు, పొట్ట తీరాయి. అంత అందమైన కూజాను ఆ ఊరు అంతకు ముందు చూడలేదు. ఇక లోపల తొలవడం మిగిలింది. ఆ మధ్యాహ్నం సూరయ్య ఉలికి పదును పెడుతుండగా, తాడు చేతపట్టుకునే దాలమ్మ కునికింది. ఆ కునుకులో ఒక ఆడమనిషి వచ్చి పాకలో ఆమె ఎదుట కూర్చుంది. కాళ్లు పగిలి నెత్తురోడుతున్నాయి. ఒంటి నిండా దుమ్ము. నడిచి నడిచి ఆగిపోయిన మనిషిలా ఉంది.

"దిగువోళ్లు మీ మీదికి తోలినారు" అంది ఆమె. "మీరు కొండ మీదికి తోలుతున్నారు. ఎటెళ్లినా అక్కడ ఎవరిదో ఒక పిల్ల ఉంటాది. నువ్వు సెప్పు, ఎటెళ్లమంటావు?"

ఆమె తన పాదం కేసి చూసుకుంటూ, "కూర్చోమని ఒక్కరూ అనలేదు" అంది.

సూరయ్య పిలుపుకు దాలమ్మ కళ్లు తెరిచింది. తాడు లాగడం మొదలుపెట్టింది. ఉలి కూజా లోపలికి దిగింది. బొంగురు గొంతు కాసేపు నిలకడగా సాగింది. పొర తరువాత పొర మూతిలోంచి బయటికి వస్తోంది. దాలమ్మ చెవి ఎప్పటిలాగే కర్ర మీద ఉంది. కొండ మీద కూడా ఉంది. కూజా గొంతు మెల్లగా సన్నబడింది. ఇంకొంచెం సన్నబడింది. ఆగవలసిన చోటు వచ్చింది. ఆ చోటు ఆమెకు ఎన్ని ఏళ్లుగానో తెలుసు, ఇంటి గడప తెలిసినట్టు తెలుసు. కుడిచేయి లాగింది. ఎడమచేయి లాగింది. మళ్లీ కుడిచేయి లాగింది.

కర్ర చిన్నగా కీచుమంది. ఉలి మొన పొట్ట బయటికి వచ్చింది.

అప్పుడు తాడు ఆగింది. సూరయ్య ఉలి తీసి కింద పెట్టాడు.

"గొంతు మారింది. ఇనలేదా?" అన్నాడు.

"ఇన్నాను."

సూరయ్య తన అరచేతులు చూసుకున్నాడు. వాటి మీద పొద్దుటి నుంచి ఎర్రని చుక్కలు లేస్తున్నాయి. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. "ఉలి కూడా సెప్పింది దాలీ" అన్నాడు మెల్లగా. "నానూ ఆపలేదు."

ఇంకో కూజాకు కర్ర లేదు. మర్నాడే సాగనంపుడు. సూరయ్య లేచి లక్క కడ్డీ తీశాడు. తిరుగుతున్న కర్రకు లక్కను ఒత్తి పడితే ఆ రాపిడి వేడికే కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఎరుపు పట్టాడు, పసుపు పట్టాడు. చిల్లు మీదుగా పలుచని లక్కపొర ఒకటి లాగాడు. లోపల కర్ర బిళ్ల వేసి గట్టిపరచలేదు. మొగలి ఆకుతో మెరుగు పెట్టాక చిల్లు ఉన్న జాడ కూడా లేదు. నీళ్లు పోసి చూశాడు. నిలిచాయి. నీళ్లు పారబోసి, దాలమ్మ కుడిచేతి బొటనవేలు పట్టుకుని, కూజా పొట్ట మీద ఒక చోట ఆనించి వదిలేశాడు. నొక్కమనలేదు. వద్దనలేదు.

మర్నాడు డప్పులతో ఊరేగింపు కదిలింది. కూజా దాలమ్మ నెత్తిన ఉంది, కుడిచేయి కూజా పొట్టకు ఆనించి పట్టుకుంది. వీధి వీధినా ఆడవాళ్లు వేపమండలు ఊపుతూ, "ఎల్లిపో తల్లీ, ఎగువకెల్లిపో" అని మొక్కుతున్నారు. పోలమ్మ కూడా ఎదురు వచ్చింది. ఆమె చంకన లచ్చన్న ఉన్నాడు. వాడి ఒళ్లు అప్పటికే కాలుతోంది. "తొందరగా తీసుకుపో ఒదినా" అంది పోలమ్మ. "ఇయ్యాల దాటించేస్తే నా పిల్లోడు తేరుకుంటాడు."

దాలమ్మ ఆ ముఖంలోకి చూసింది. చూడకుండా దాటిపోయి ఉంటే ఈ కథ ఆమెకు కొంత తేలికయ్యేది.

గెడ్డ దాటితే కొండదారి మొదలవుతుంది. దానికి ముందు పిల్లల దిబ్బ వస్తుంది. ఈరన్న చెట్టు నరికిన మొద్దు ఇంకా తెల్లగా ఉంది. పక్కన పేరులేని పిల్ల చెట్టు పచ్చగా నిలబడి ఉంది. దాలమ్మ అక్కడ ఆగింది. వెనుక డప్పు ఇంకా మోగుతూనే ఉంది. ఆమె బొటనవేలు నొక్కింది.

పసుపునీళ్లు ఆమె చెవి పక్క నుంచి మెడ మీదికి, మెడ నుంచి భుజం మీదికి, భుజం నుంచి దిబ్బ మీది మట్టిలోకి కారాయి. డప్పు ఆగిపోయింది.

గవరయ్య వచ్చి కూజా చూశాడు, నేల చూశాడు, ఆమె వేలు చూశాడు.

"తెలిసే సేసినావా?"

"తెలిసే సేసినాను బాబూ. ఉండమన్నాను. ఇక్కడే, నా పిల్లల దగ్గరే ఉండమన్నాను."

ఊరు ఆమెను కొట్టలేదు. అమ్మవారిని నెత్తిన మోసిన ఒంటిని కొట్టడానికి భయపడ్డారు. తెచ్చి కూర్చోబెట్టినదానివి నువ్వే కాచుకో అని, ఊళ్లోకి అడుగుపెట్టవద్దని చెప్పి వెళ్లిపోయారు. సూరయ్య తాటాకులు మోసుకొచ్చి దిబ్బ మీద పాక వేశాడు. పాక పూర్తయ్యాక అందులోనే పడుకున్నాడు. మళ్లీ లేవలేదు.

అమ్మవారు దిబ్బ మీద కూర్చుందని తెలిశాక, ఒళ్లు కాలిన ప్రతివారినీ ఊరు ఆ దిబ్బకే మోసుకొచ్చి దింపింది. దాలమ్మ వేపాకుల మీద పడుకోబెట్టింది, నీళ్లు తాగించింది, ఈగలు తోలింది. కొందరు లేచి నడిచి వెళ్లారు. చాలామంది వెళ్లలేదు. రోగి తాకిన గుడ్డ గానీ చిప్ప గానీ ఆమె ఊళ్లోకి తిరిగి పోనివ్వలేదు, అన్నీ అక్కడే కాల్చింది. అందువల్లనేమో ఊళ్లో కొత్తగా ఎవరికీ పోయడం మెల్లగా తగ్గింది. ఆ తగ్గడం మొదలుకాక ముందే పోలమ్మ కొడుకును ఎత్తుకొచ్చింది. లచ్చన్న దాలమ్మ ఒడిలోనే పోయాడు.

పోలమ్మ గట్టిగా ఏడవలేదు. కొడుకు పక్కన కూర్చుని, "కొండ దాటించి ఉంటే బతికేవాడా?" అని అడిగింది.

"తెలీదు" అంది దాలమ్మ.

"నీ పిల్ల కోసం నా పిల్లోడా ఒదినా?"

ఆ ప్రశ్నకు ఈ క్షేత్రంలో నేటికీ జవాబు చెప్పినవారు లేరు. లచ్చన్నను ఈరన్న మొద్దు పక్కనే పాతిపెట్టి, ఇద్దరు ఆడవాళ్లూ కలిసి మొక్క నాటారు. పోలమ్మ ఆ తరువాత ఆమెతో మాట్లాడలేదు.

వానలు మొదలయ్యే ముందు సోమిలమ్మ గెడ్డకు అవతలి ఒడ్డుకు వచ్చింది. భుజాల మీద పెంటమ్మ ఉంది. ఒళ్లు చేసింది, జుట్టు నున్నగా దువ్వి ఉంది, మణికట్టున తెల్లని కర్రపొర వదులుగా ఆడుతోంది. అప్పటికి దాలమ్మ ముఖమంతా పొక్కులే.

"దాలమ్మా, సూసుకో" అని సోమిలమ్మ అరిచింది. "కడుపు మందం లేదు, దగ్గు లేదు. పుట్టగొడుగులు పెట్టలేదు."

"అమ్మా" అని పిల్ల పిలిచింది.

దాలమ్మ చెట్టు చాటున ఉంది. పలికితే పిల్ల గెడ్డలోకి దూకుతుందని ఆమెకు తెలుసు. పలకలేదు. పిల్ల మళ్లీ పిలిచింది. అవతలి ఒడ్డున ఏడుపు మొదలై, దూరమై, కొండదారిలో కలిసిపోయేదాకా దాలమ్మ చెట్టును పట్టుకుని అలాగే నిలబడింది. ఏ చెవి గురించి ఊరంతా చెప్పుకునేదో ఆ చెవితో చివరిదాకా విన్నది. వానలు పడేసరికి ఆమె లేదు. గుమ్మిగూడెంలో మాత్రం ఆ ఏడు ఒక్కరికీ అమ్మవారు పోయలేదు.

పెంటమ్మ కొండ మీదే పెరిగింది, కొండవారింటే కోడలైంది. తన మొదటి బిడ్డను ఎత్తుకుని దిగి వచ్చేనాటికి దిబ్బ మీది పాక కూలిపోయి ఉంది. మట్టిలో సగం కూరుకుపోయిన కూజా కనిపించింది. లక్క వెలవెలబోయినా కర్ర చెడలేదు. ఆమె దాన్ని గెడ్డలో కడిగి నీళ్లు నింపింది. నీళ్లు చిల్లులోంచి ఆమె చేతి మీదుగా కారిపోయాయి. ఊరివాళ్లు చుట్టూ చేరి, బిళ్ల వేసి చిల్లు పూడ్చుదామన్నారు.

"పూడ్చొద్దు" అంది పెంటమ్మ. "నీళ్లు నిలిస్తే మళ్లీ ఎవరో ఒకరు దీన్ని నెత్తిన పెట్టుకుని ఎవరి మీదికో తీసుకెల్తారు."

దాన్ని దిబ్బ మీదే పీట వేసి నిలిపింది. మొదట ఆమె మాత్రమే పూజ చేసేది. తరువాత పిల్లలున్నవాళ్లు ఒకరొకరే వచ్చారు. ఆ కూజా చివికిపోయాక, ఏటా చిల్లుతో సహా కొత్తది పట్టడం మొదలైంది. లోపల ఉన్నది అమ్మవారా, దాలమ్మా అని అర్చకులను అడిగితే, వారు కూజమ్మ అని మాత్రమే చెబుతారు.

నేడు దేశంలో ఆ మశూచి లేదు. అయినా పిల్లలకు వేయించవలసిన టీకాలన్నీ వేళకు వేయించాలని, మొక్కు ఉంది కదా అని మానవద్దని అర్చకులు ప్రతి తల్లికీ తండ్రికీ చెప్పి పంపుతారు. పిల్లలను హాస్టళ్లలో ఉంచినవారు, ఉద్యోగాల మీద పరాయి ఊళ్లలో ఉండి తమవారెవరూ దగ్గర లేకుండా పిల్లలను పెంచుకునేవారు ఇక్కడికి ఎక్కువగా వస్తారు. పిల్ల ఎదుట ఉండనవసరం లేదు. పేరు చెప్పి పొర తీసుకుని పంపవచ్చు. మణికట్టుకు బిగించి కట్టకూడదు, వేలు దూరేంత వదులు ఉండాలి. పసిపిల్లలు నోట పెట్టుకోకుండా చూడాలి. నిద్రపుచ్చేటప్పుడు తీసివేయాలి. ఇలా కట్టిన పిల్లలకు దూరాన ఉన్నామన్న భయం ఉండదని, తల్లిదండ్రుల చెవి ఎంత దూరాన ఉన్నా వారి మీదే ఉంటుందని విశ్వాసం.

ఈ గుడిలో ఒక మొక్కు నిషిద్ధం. నా కష్టం తొలగించు తల్లీ అని కోరవచ్చు. వేరొకరి మీదికి పంపు అని తలచకూడదు. ఊరిలో ఏ జబ్బు వచ్చినా అంకుళ్లవలసవారు సాగనంపుడు చేయరు. తమ పొలిమేర తామే మూసుకుని, ఇక్కడికి వచ్చి, "ఇక్కడే కూర్చో తల్లీ" అంటారు.

జాతరకు ముందు కొత్త కూజా పట్టే రోజున భక్తులు తప్పక చూడవలసిన ఘట్టం ఒకటి ఉంది. ఆ ఒక్క రోజు మోటారు వాడరు. గుమ్మిగూడెం నుంచి వచ్చిన ఒక తల్లి తాడు లాగుతుంది, ఊరివాడు ఉలి పడతాడు. లోపల తొలిచేటప్పుడు గొంతు మారుతుంది. అప్పుడు గుడిలో ఎవరూ మాట్లాడరు. పిల్లలను కూడా ఊరుకోబెడతారు. తాడు ఆగదు.

ఆ కూజా మొదటి పొరను ఏ పిల్లకూ కట్టరు. తాడు లాగిన తల్లి దాన్ని రెండు చేతులా పట్టుకుని లచ్చన్న చెట్టు దగ్గరికి నడుస్తుంది. అక్కడ పోలమ్మ వంశపు ఇల్లాలు ఒకరు నిలబడి ఉంటారు. ఆ పొరను ఆమె చేతికి ఇవ్వాలి, ఆమె దాన్ని చెట్టు కొమ్మకు కట్టాలి. అది జరిగిన తరువాతే మిగిలిన పిల్లలకు ప్రసాదం. పొర ఇవ్వబోయినప్పుడు ఆ ఇల్లాలు వెంటనే చేయి చాపదు. కొంతసేపు అలాగే నిలబడుతుంది. ఒక్కొక్క ఏడు ఎండ నెత్తి మీదికి వస్తుంది, క్యూలో పిల్లలు ఏడుస్తారు. కొండ తల్లి చేతులు చాపి ఎదురుచూస్తూనే ఉంటుంది. ఎవరూ తొందరపెట్టరు.